సుమోలో బేస్ గిటారు

2002 సెప్టెంబరు 1, ఆదివారం

యూనియన్ వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ అనూరాధ దీని మీద పాలగిన్నె దించుకుంటోంది. ఇవాళ అట్ట మీది గుండ్రటి మరక తుడిచి తీసుకున్నాను. మనసులో మాట చెప్పుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి. భార్యకి చెబితే సలహా ఇస్తుంది.

విషయం ఏమిటంటే, జగ్గారావు ఆర్కెస్ట్రాలోకి కొత్త గాయని వచ్చింది. నిఖిత, సీతమ్మధార అమ్మాయి. బాగా పాడుతుంది, కాదనను. కానీ ఆడపిల్లని ఊళ్ళు తిరిగే ప్రోగ్రాములకి ఒంటరిగా పంపరు కదా, వెంట వాళ్ళమ్మ పద్మావతి గారు వస్తారు. అంటే ఒక గొంతుకి రెండు సీట్లు. సామానంతా మైక్‌సెట్ దాలయ్య వ్యానులో వెళ్తుంది గానీ మనుషులం మాత్రం ఒక్క సుమోలోనే సర్దుకోవాలి. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుంది మా పని.

రిహార్సల్ అయ్యాక జగ్గారావు అందరి ముందూ అన్నాడు: "సుమోలో సోటు నేదర్రా. దసరాలయ్యాక మనలో ఒకలు తగ్గాల. ఎవులన్నది నాను ఆలోసిస్తన్నాను."

"ఒకలు" అన్నప్పుడు నా వైపు చూశాడు. నా వెనక గోడకి గడియారం ఉంది. టైము చూసుకుని ఉంటాడు.

సెప్టెంబరు 4

డ్యూటీలో కూర్చుని ఆలోచించాను. ఎవరిని తీసేస్తారు? జగ్గారావుని తీయలేరు, ఆర్కెస్ట్రా ఆయనదే, పోర్టులో గుమాస్తాగిరీ చేస్తూ ఇన్నేళ్ళుగా నడుపుతున్నాడు. గాయనీ గాయకులు ఎలాగూ కావాలి. కీబోర్డు మణికంఠ కుర్రవాడు, అతని కీబోర్డులో సన్నాయి, వయొలిన్, వాన చప్పుడు కూడా ఉన్నాయి. రిథమ్ ప్యాడ్ వాడు సుమోకి డ్రైవరు కూడా. మిగిలింది తబలా అర్జునరావు గారు, బేస్ గిటారు వాయించే నేను.

అర్జునరావు గారు పెద్దాయన. పాపం.

సెప్టెంబరు 8, ఆదివారం

ఇవాళ రిహార్సల్లో మణికంఠ ఒక వేషం వేశాడు. కుడిచేత్తో పాట వాయిస్తూ ఎడంచేత్తో నా వాద్యం కూడా కానిచ్చేశాడు. "సూడండంకుల్, మీ బేస్ కూడా నానే కొట్టేస్తన్నాను" అని నవ్వాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మర్యాద కోసం నేనూ కొట్టాను.

అతను నన్ను అంకుల్ అనడం నాకు నచ్చదు. నాకు నలభై రెండు. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఇదే.

అసలు బాధ వేరే ఉంది. బేస్ గిటారు అంటే ఏమిటో జనానికి తెలీదు. కిందటేడు అనకాపల్లి పెళ్ళిలో ఒకాయన నా దగ్గరికొచ్చి, గిటారుకి రెండు తీగలు తెగిపోయినట్టున్నాయి, పెళ్ళివారిని అడిగి కొత్తవి వేయించుకోండి అని జాలిపడ్డాడు. దీనికి ఉండేవే నాలుగు తీగలు. అవి కింది స్వరాలు పలుకుతాయి, పాట మొత్తాన్ని కింద నుంచి మోస్తాయి. ఇంటికి పునాది ఎవరికి కనిపిస్తుంది?

ఈ మాటే అనూరాధతో అన్నాను. "కనబడకపోతే పరవాలేదండీ. వినబడాలి కదా" అంది.

సెప్టెంబరు 11

దొరికింది.

ద్వారకానగర్‌లో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి బేస్ గిటారు అని కొట్టాను. బొమ్మలు దిగడానికి బోలెడంత సేపు పట్టింది. అందులో ఎవరో దొర ఒక సర్క్యూట్ పెట్టాడు. గిటారుకీ ఆంప్లిఫయరుకీ మధ్య పెట్టే ప్రీఆంప్. మామూలు గిటారు మీద టోన్ నాబ్ పైశబ్దాన్ని తగ్గిస్తుంది, అంతే. దీనికి రెండు నాబ్‌లు. మొదటిది జల్లెడ కన్నం సైజు మార్చే నాబ్ అనుకో: ఎక్కడ గీత గీస్తామో అక్కడి నుంచి పైనున్న శబ్దమంతా ఆగిపోతుంది. రెండోదానిలో ఉంది మహత్తు. సరిగ్గా ఆ గీత దగ్గరున్న శబ్దాన్ని పట్టుకుని ముందుకు తోస్తుంది. దాంతో గిటారు నోరు మూసుకుని 'మ్' అంటున్నది కాస్తా 'ఓ' అంటుంది, ఇంకాస్త తిప్పితే 'ఆ' అంటుంది.

ప్లాంటులో నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ వాణ్ణి. సిగ్నల్లోంచి పనికిరానిది వడకట్టడమే నా ఉద్యోగం. ఇన్నేళ్ళూ కొలిమి సిగ్నళ్ళు వడకట్టాను గానీ నాది నేను వడకట్టుకోలేదు. నా వాయింపులో లోపం లేదు, లోపం టోనులో ఉంది. ఇది తెలిశాక చాలా ప్రశాంతంగా ఉంది.

అనూరాధ: "ఆడలేక మద్దెల ఓడంటే ఇదేనండీ."

కావలసిన సామాన్ల జాబితా రాసుకున్నాను.

సెప్టెంబరు 15, ఆదివారం

డాబా గార్డెన్స్‌లో రేడియో సామాన్ల షాపుకి వెళ్ళాను. రేడియోకా, ఇన్వర్టరుకా అని అడిగాడు. బేస్ గిటారుకి అన్నాను. కాసేపు నన్నే చూసి ఇన్వర్టరు సామాన్లిచ్చాడు. అవే సరిపోయాయి.

ఒక్కటి దొరకలేదు. మొదటి నాబ్ ఒక ఇరుసు మీద రెండు కలిసి తిరిగే జంట నాబ్ అయి ఉండాలి. చివరికి పూర్ణా మార్కెట్ పక్క పాత సామాన్లవాడి దగ్గర చచ్చిపోయిన స్టీరియో ఒకటి కొని, దాని వాల్యూమ్ నాబ్ పీకాను. ఆ స్టీరియో తన కాలంలో ఎన్ని పాటలు వినిపించిందో. ఇప్పుడు నాకు అవయవదానం చేసింది.

సెప్టెంబరు 22, ఆదివారం

పూర్తయింది. గుయ్‌మనే శబ్దం రాకుండా అంతా స్టీలు డబ్బాలో పెట్టాలి. స్టీలు ప్లాంటు వాడింట్లో స్టీలుకి కరువా? వంటింట్లోంచి మూతున్న టిఫిన్ డబ్బా ఒకటి తెచ్చి కన్నాలు పెట్టాను. పెట్టాక చూశాను, మూత మీద "చి.ల.సౌ. అనూరాధకు పెండ్లి కానుక, పిన్ని చిట్టెమ్మ" అని చెక్కి ఉంది.

అనూరాధ రెండు రోజులు మాట్లాడదు. సర్క్యూట్ బాగా పని చేస్తోంది.

సెప్టెంబరు 29, ఆదివారం

రిహార్సల్లో మొదటిసారి వాడాను. గొప్ప స్పందన. అందరూ దాని గురించే మాట్లాడారు.

జగ్గారావు: "ఏటి బావా, టిపినీ తెచ్చుకున్నావేటి?"

దాలయ్య దగ్గరికొచ్చి మూత మీద పేరు చదివాడు. దాలయ్య జాలారిపేట వాడు. అన్నదమ్ములు ఇప్పటికీ వేటకి వెళ్తారు, ఇతను మాత్రం మైక్‌సెట్ పెట్టుకున్నాడు. తన స్పీకరు బాక్సుల్ని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోడు. "సార్, ఈ డబ్బాలవీ ఎందుకు? నా బాక్సుల్లో అన్నీ వత్తాయి" అన్నాడు. రావని కాదు, వచ్చినవి ఎలా ఉంటాయన్నదే సమస్య. ఆ మాట అంటే వ్యానులో నా గిటారు అడుగున పడేస్తాడు.

సౌండు గురించి ఎవరూ ఏమీ అనలేదు. మాటలు రాలేదేమో.

అక్టోబరు 6

పెందుర్తి ప్రోగ్రాం. సుమోలో దారి పొడుగునా పద్మావతి గారి హ్యాండ్‌బ్యాగు నా ఒళ్ళోనే ఉంది.

అక్టోబరు 14, మహర్నవమి

ఈ ఇంట్లో కళకి చోటు లేదు.

పొద్దున్నే అనూరాధ ఆయుధ పూజ చేసింది. స్కూటరుకి, మిక్సీకి, కుట్టుమిషనుకి, గ్యాసుపొయ్యికి బొట్లు పెట్టింది. గిటారుకి పెట్టింది, బాగానే ఉంది. నేను స్నానం చేసి వచ్చేసరికి నా ప్రీఆంప్ దేవుడి పీట మీద ఉంది. రెండు నాబ్‌ల చుట్టూ తడి పసుపు, దాని మీద కుంకుమ, దాని మీద కొబ్బరినీళ్ళు. నాబ్ ఇరుసు పక్క సందులోంచి పచ్చటి ధార లోపలికి దిగుతోంది.

"అనూరాధా, అది ఎలక్ట్రానిక్ పరికరం."

"అందుకేనండీ. ఎప్పుడు ఏమవుతుందో తెలీనివాటికే గట్టిగా చెయ్యాలి."

తుడవబోయాను. పూజ చేసినదాన్ని ఉద్వాసన చెప్పేదాకా కదిపితే మీకే అరిష్టం, రేపే కదా మీ ప్రోగ్రాం అంది. నేను సైన్సు చదువుకున్నవాణ్ణి. ఇలాంటివి నమ్మను. కానీ రేపే ప్రోగ్రాం.

కదపలేదు.

అక్టోబరు 15, విజయదశమి, సాయంత్రం బయల్దేరే ముందు

ఉద్వాసన అయ్యాక చూశాను. లోపల పసుపూ కుంకుమా బంకలా ఎండిపోయాయి. మొదటి నాబ్ తిరగడం లేదు. పట్టకారుతో పట్టి చూశాను. ఇంకాస్త బలం పెడితే విరిగేలా ఉంది. 'ఓ'కీ 'ఆ'కీ మధ్య ఎక్కడో బిగుసుకుపోయింది. అది లేకుండా పోదామంటే గిటారు వైర్లన్నీ దానికే కలిపి ఉన్నాయి, మార్చే టైము లేదు. ఇవాళే నా ఆఖరి ప్రోగ్రాం అవుతుంది.

అక్టోబరు 16

ఎక్కడ మొదలుపెట్టను.

జాలారిపేటలో అమ్మవారి పందిరి. ఇసుక మీదే స్టేజీ. దాలయ్య సొంత వీధి కాబట్టి ఉన్న బాక్సులన్నీ దింపాడు. వేటకి సెలవు, జనమంతా అక్కడే. మొదటి పాటలో పై తీగ మీటాను. ఆ శబ్దం నా గిటారులోంచి వచ్చిందని నాకే తెలీలేదు. లావుగా, గుండ్రంగా, గొంతున్న మనిషి ఎవరో పాట అడుగున నిలబడి పలికినట్టుంది. నేను తల ఎత్తేసరికి ముందు వరసలో పిల్లలు లేచారు. తర్వాత వెనకవాళ్ళు లేచారు. గురువమ్మ అని దాలయ్య మేనత్త, చేపల బేరం చేసే పెద్దావిడ, కుర్చీలో కూర్చునే కాలు కొడుతోంది. పాటవగానే గట్టిగా అడిగింది: "ఒరే దాలిగా, ఆ గుండెల్లో గుద్దుతన్నది ఏటిరా?"

జనం అదే పాట మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. జగ్గారావు పాడుతూ పాడుతూ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఈసారి నా వెనక గడియారం లేదు, సముద్రమే ఉంది.

అయ్యాక ఎవరికి వారు మొదలుపెట్టారు. దాలయ్య: "నా కొత్త బాక్సుల దెబ్బ అది." జగ్గారావు: "నా పాట సెలక్సన్ అలాంటిది." ఇంటికొచ్చి చెబితే అనూరాధ: "అమ్మవారండీ." ఆ సర్క్యూట్ కట్టినవాడొకడు ఉన్నాడని ఎవరికీ గుర్తు రాలేదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదు. అయినా నాకు చాలా సంతోషంగా ఉంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇంత సంతోషంగా లేను.

అక్టోబరు 20, ఆదివారం

జగ్గారావు భుజం మీద చెయ్యి వేశాడు. "నీ సీటుకి డోకా నేదు బావా. ఆ సౌండు ఒగ్గీకు." వదలనని మాటిచ్చాను.

తబలా అర్జునరావు గారికి వచ్చే వారం నుంచి రావద్దని చెప్పేశారు. రిథమ్ ప్యాడ్‌లో తబలా కూడా ఉందట. ఆయన తబలాల్ని గుడ్డలో చుట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగి వెళ్ళారు. నేను కిందిదాకా వెళ్ళి మాట్లాడదామనుకున్నాను గానీ, అప్పుడే పాట మొదలైంది.

కళాకారుడన్నవాడు తన కాలం అయిపోయిందని తనే తెలుసుకోవాలి. సుమోలో ఇప్పుడు నాది కిటికీ సీటు.

అక్టోబరు 27

నర్సీపట్నం, ఎలమంచిలి, రెండు చోట్లా అదే సౌండు, అదే గోల. మణికంఠ నన్ను సార్ అంటున్నాడు.

ఒకటే భయం. ఆ నాబ్ ఎప్పుడు వదులవుతుందో తెలీదు. డబ్బా విప్పి లోపల ఏం జరిగిందో కొలిచి రాసుకోవాలి, ఇంజినీరింగ్ పద్ధతి అదే. కానీ విప్పితే పోతుందేమో. తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్తున్నాను. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులూ దాని మీద పెడుతున్నాను.

నవంబరు 4, దీపావళి

అనూరాధని పిలిచి, వీలైతే డబ్బాకి కాస్త కుంకుమ పెట్టమన్నాను. దీనికీ సౌండుకీ సంబంధం లేదు. పండగ కాబట్టి అన్నానంతే.

నవంబరు 10, ఆదివారం

మణికంఠ ఇంటికొచ్చాడు. అనూరాధకి మిఠాయి, నాకు నమస్కారం. కొత్త కీబోర్డు కొన్నాడు, వాళ్ళ మావయ్య ఓడలో పని చేస్తూ సింగపూర్ నుంచి తెచ్చాడట. బయటి శబ్దాన్ని దాంట్లోకి ఎక్కించి, మళ్ళీ మీటల మీద పలికించవచ్చు.

"సార్, ఆ నాబ్ ఎన్నాళ్ళుంటాదో మనకి తెలీదు. పోతే మరి రాదు. మీరు ఒక్కో సొరం మీటండి, నాను దీన్లో దాసి పెడతాను. సేఫ్టీ కోసమే."

మొదటిసారి ఒక కుర్రాడికి నా కళ విలువ తెలిసింది. మధ్యాహ్నమంతా కూర్చున్నాం. కింది స్వరం నుంచి పై స్వరం దాకా వరసగా, మెల్లగా ఒకసారి, మామూలుగా ఒకసారి, గట్టిగా ఒకసారి మీటాను. చప్పుడు కాకూడదని అనూరాధ ఫ్యాను ఆపింది, కుక్కరు దించేసింది. పక్కింటివాళ్ళ టీవీ కూడా ఆపించి వచ్చింది. ప్రతి స్వరమూ అయిపోయేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. నా జీవితంలో ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వాయించలేదు.

ఏం పేరు పెట్టమంటారు సార్ అన్నాడు. నీ ఇష్టం అన్నాను. శ్రీరామ్మూర్తి అని నా పేరు మొత్తం పట్టలేదు. 'మూర్తి బేస్' అని కొట్టాడు. చిన్న తెర మీద నా పేరు నీలంగా వెలిగింది.

అతను వెళ్ళాక అనూరాధ అడిగింది: "అన్నీ ఇచ్చేశారా?"

"ఇవ్వడం కాదు, దాచడం" అన్నాను.

నవంబరు 17

ఈ వారం ప్రోగ్రాం లేదు.

నవంబరు 24

ఈ వారం కూడా లేదట. కార్తీకమాసం, ఊరంతా పెళ్ళిళ్ళు. జనానికి సంగీతం మీద ఆసక్తి తగ్గిపోతోంది.

నవంబరు 28

డ్యూటీ నుంచి వస్తుంటే గాజువాక సెంటర్లో మా సుమో ఎదురైంది. జగ్గారావు మెరుపుల కోటు వేసుకుని ముందు కూర్చున్నాడు. కిటికీ సీటులో పద్మావతి గారు. వెనక దాలయ్య వ్యాను, దాని మీద బాక్సులు. చెయ్యి ఊపాను. పద్మావతి గారు ఊపారు.

అందరూ కలిసి ఏదో సొంత పని మీద వెళ్తున్నారేమో.

డిసెంబరు 1, ఆదివారం

కొబ్బరితోట పేటలో జగ్గారావు ఇంటికి వెళ్ళాను. టీ ఇచ్చాడు. తప్పు చేసినవాడిలా కనిపించలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

"నిన్ను తీసేయడమేటి బావా. నీ సౌండు మా కాడే ఉంది కదా. పెతి పోగ్రాంలోనూ నువ్వే కొడతన్నావు. నువ్వు రాపోయినా నువ్వు ఉన్నట్టే."

"నేను రాకపోతే నేనెలా ఉంటాను జగ్గారావూ?"

"సుమోలో సోటు నేదు బావా, మణికంఠ కొత్త కీబోర్డుకీ ఒక సీటు కావాల. నిఖిత తల్లిని దింపెయ్యలేను, పిల్ల మానేస్తాది. నువ్వయితే అరదం సేసుకుంటావు. మనోడివి."

అర్థం చేసుకున్నాను. నేను ఎప్పుడూ అంతే. బస్సులో వస్తుంటే అర్జునరావు గారు గుర్తొచ్చారు. ఎక్కడుంటారో కూడా నాకు తెలీదు.

అనూరాధకి చెప్పలేదు. సరైన సమయం చూసి చెబుతాను.

డిసెంబరు 8, ఆదివారం

ప్రోగ్రాం ఉందని చెప్పి గిటారు భుజాన వేసుకుని బయల్దేరాను. ఎక్కడికి వెళ్ళాలో తెలీక సింహాచలం బస్సెక్కాను. కొండ మీద జనం నన్ను చూసి భజన ఎక్కడండీ అని అడిగారు. ఒక ముసలాయన నా గిటారు సంచీకి దణ్ణం పెట్టాడు. గోడ పక్కన కూర్చుని పులిహోర తిన్నాను. చీకటి పడకుండానే ఇంటికొచ్చి ప్రసాదం ఇచ్చాను.

"ప్రోగ్రాం సింహాచలంలోనా?" అంది.

"అవును."

ఇందులో అబద్ధం పెద్దగా లేదు. గిటారు వెంటే ఉంది.

డిసెంబరు 12

ఇవాళ డబ్బా తుడుస్తుంటే నాబ్ దానంతటదే తిరిగింది. గిటారు పెట్టి చూశాను. పాత సౌండే. ఎన్ని రకాలుగా తిప్పినా అది మళ్ళీ రాలేదు.

ఇప్పుడది మణికంఠ దగ్గర తప్ప ఎక్కడా లేదు.

డిసెంబరు 15

ప్రోగ్రాం ఉందన్నాను. గాజువాకలో సినిమా చూశాను. గిటారుకి పక్క సీటు దొరికింది.

డిసెంబరు 21

మా సెక్టారు వార్షికోత్సవానికి ఆర్కెస్ట్రా పెట్టారు. జగ్గారావు ఆర్కెస్ట్రా. క్వార్టర్సు గేటు దగ్గర కాగితం అంటించారు. అనూరాధ నాకంటే ముందే చూసి, వరసలో అన్ని ఇళ్ళకీ చెప్పి వచ్చింది. మా ఆయన స్టేజీ మీద ఉంటారు, ఇరవై తొమ్మిదో తారీకు ఆదివారం రండి అని. మా ఇంటి ముందే కాబట్టి చాలా ఏళ్ళ తర్వాత తనూ చూడటానికి వస్తోందట. చీర ఇస్త్రీకి ఇచ్చింది.

ఆ రోజు నైట్ డ్యూటీ వేయించుకోవాలి.

డిసెంబరు 23

నైట్ డ్యూటీ దొరకలేదు. జ్వరం వస్తే బాగుండును.

డిసెంబరు 29, ఆదివారం

జ్వరం రాలేదు. సాయంత్రం అనూరాధ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి చెప్పేశాను. నన్ను తీసేశారని, చాలా రోజులైందని. సింహాచలంలో ప్రోగ్రాం లేదని కూడా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. నోట్లో ఉన్న పిన్నీసు తీసి కొంగుకి పెట్టుకుంది.

"పదండి. కుర్చీలు నిండిపోతాయి" అంది.

వెళ్ళాం. షామియానా అంచున, ఇనప స్తంభం పక్కన చోటు దొరికింది. పక్కింటాయన, మీరు పైన ఉండాలి కదండీ అన్నాడు. సెలవు పెట్టానన్నాను. స్టేజీ మీద జగ్గారావు మెరుస్తున్నాడు. పద్మావతి గారు పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నేను నిలబడే చోట ఫ్యాను పెట్టారు.

పాట మొదలైంది. మణికంఠ ఎడంచెయ్యి కదిలింది, నా సౌండు వచ్చింది. ఇన్నేళ్ళూ స్టేజీ మీద ఉన్నవాణ్ణి, జనంలో కూర్చుని విన్నది ఇదే మొదటిసారి. చాలా బాగుంది. ఎంత బాగుందంటే, వాయించినవాడెవడో గొప్పవాడనుకున్నాను. తర్వాత అది నేనే అని గుర్తొచ్చింది.

అనూరాధ చెవి దగ్గరగా వచ్చి అడిగింది: "ఇందులో మీదేదండీ?"

పాటని చూపించగలను, కింది స్వరాన్ని ఎలా చూపిస్తాను? ఆమె చెయ్యి పట్టుకుని ఇనప స్తంభం మీద అరచేయి ఆనించాను. దాలయ్య బాక్సుల దెబ్బకి స్తంభం అదురుతోంది. నా ప్రతి స్వరమూ అందులో వస్తోంది. ఆమె అరచేతిలోకి వస్తోంది.

"ఇది" అన్నాను.

పాట అయిపోయేదాకా ఆమె చెయ్యి తీయలేదు. నిఖిత ఎంత పైకి పాడినా అటు చూడలేదు, స్తంభాన్నే చూస్తూ కూర్చుంది.

"బాగుందండీ" అంది చివరికి. "ఇది మీరు వాయించిందే కదా?"

"నేనే."

"మరి మీరు ఇక్కడ కూర్చున్నారేంటండీ?"

ఏడుపొచ్చింది. అప్పటికే చుట్టూ అందరూ చప్పట్లు కొడుతున్నారు. నేనూ కొట్టాను.